ఆ కణం ఏం చేసి చూపించింది?

పోయిన నెల రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తూ మధ్యలో పాలగ్రంథి మూలకణాల (స్టెమ్ సెల్స్) ప్రస్తావన తెచ్చాను. తనలాంటి కణాల్నీ, గ్రంథిలోని మిగతా రకాల కణాల్నీ పుట్టించగల కణాలవి. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యం మీదే. స్టెమ్ సెల్స్ అన్న మాట ఫేస్‌క్రీమ్ డబ్బాల మీద కూడా కనిపిస్తున్న రోజులివి కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. కణాల కల్చర్ ల్యాబులో జీవితం గడిపి, ఇప్పుడు పెదవాల్తేరులో ఖాళీగా కూర్చున్నదాన్ని. ఇలాంటి ప్రశ్నలు వస్తే నాకు పండగే. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: రొమ్ముల బరువు వల్ల మా అక్కకు ఏళ్ల తరబడి మెడనొప్పి, భుజాల నొప్పి. ఇక్కడే ఒక ఆసుపత్రిలో తగ్గించే ఆపరేషన్‌కు డేట్ ఇచ్చారు. తీసేసిన భాగంలో కొంత మూలకణాల పరిశోధనకు ఇస్తారా అంటూ ఒక ఫారం చేతిలో పెట్టారు. అప్పటి నుంచి అక్కకు టెన్షన్. ఇస్తే ఏం చేస్తారు మేడమ్? ఆమె కణాలతో ఇంకెవరికైనా ఏదైనా తయారు చేస్తారా?
– ఒక చెల్లెలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ఫారం సంగతి చెప్తానమ్మా. సంతకం పెట్టకపోయినా ఆపరేషన్ ఆగకూడదు, వైద్యంలో తేడా రాకూడదు. ఆ మాట ఫారంలోనే రాసి ఉండాలి. లేకపోతే నిలదీసి అడగండి. తీసిన భాగం మొదట పాథాలజీకి వెళ్లాలి. అక్కడ చూడాల్సింది చూశాక మిగిలిందే పరిశోధనకు. దాని మీద అక్క పేరు రాయరు, కోడ్ నంబరు వేస్తారు. వయసెంత, పిల్లలున్నారా, పాలిచ్చిందా అని మాత్రం రాసుకుంటారు. కాన్పు, పాలివ్వడం గ్రంథిని చాలా మారుస్తాయి కాబట్టి ఆ వివరాలు లేకుండా ఆ ముక్క మాకు పెద్దగా ఉపయోగపడదు. ఈ పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడిగే హక్కు కూడా అక్కకుంది.

ఇక ల్యాబులో జరిగేది. ఆపరేషన్ థియేటర్ నుంచి ముక్క చల్లటి పోషక ద్రవంలో, ఐసు పెట్టెలో రావాలి. మే నెల విశాఖ ఉక్కపోతలో ఆ పెట్టె ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ల్యాబులో ఉన్నవాళ్లకి ఊపిరాడదు. వచ్చాక స్కాల్పెల్ బ్లేడ్లతో సన్నగా తరుగుతారు. చూడ్డానికి ఎక్కువ భాగం పచ్చటి కొవ్వే. పాలనాళాలు ఆ కొవ్వులో, పీచులో తెల్లటి చారల్లా ఉంటాయి. కొలాజినేజ్, హయలురోనిడేజ్ అనే ఎంజైములు కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా మెల్లగా కదిలిస్తూ ఉంచుతారు. తెల్లారేసరికి పీచు కరిగిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు పైకి తేలుతుంది, నాళాల ముక్కలు అడుగున చేరతాయి. మైక్రోస్కోపు కింద చిన్న చిన్న ద్రాక్షగుత్తుల ఆకారంలో కనిపిస్తాయవి.

ఈ దశలో చాలామంది పని ఆపి, ఆ ముక్కల్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచేస్తారు. ద్రవ నత్రజనికి కరెంటుతో పని లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత ఊరంతా చీకట్లో ఉన్నప్పుడు మేం ఫ్రిజ్‌లో యాంటీబాడీల గురించి తల పట్టుకున్నాం గానీ నత్రజని క్యాను గురించి ఎవరికీ బెంగ లేదు. ఆవిరైపోకుండా పోసుకుంటూ ఉంటే చాలు.

తరువాత ట్రిప్సిన్, డిస్పేజ్ అనే ఎంజైములతో ఆ ముక్కల్ని విడివిడి కణాలుగా చేస్తారు. చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్‌ఏ జిగురులా అన్నిటినీ అంటించేస్తుంది. అందుకని దాన్ని ముక్కలు చేసే డీఎన్‌ఏజ్ కూడా వేస్తారు. 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, రంగులు తగిలించిన యాంటీబాడీలు కలిపి, ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కొక్క కణాన్నీ లేజర్ ముందు నుంచి పోనిస్తారు. ఈ యాంటీబాడీలు కణం పైనుండే ప్రొటీన్లకు అంటుకుంటాయి, ఆ ప్రొటీన్లే మాకు గుర్తులు. సీడీ45 అనే గుర్తు ఉన్నవి తెల్ల రక్తకణాలు, సీడీ31 ఉన్నవి రక్తనాళాల గోడవి. వాటిని పక్కన పెట్టేస్తారు. మిగిలినవాటిని ఎప్‌క్యామ్, సీడీ49ఎఫ్ అనే రెండు గుర్తుల్ని బట్టి వేరు చేస్తారు. పాలనాళం గోడలో రెండు వరసలుంటాయి. లోపలి వరస కణాలు పాలు చేస్తాయి, బయటి వరస బిగుసుకుని ఆ పాలను ముందుకు నెడుతుంది. సీడీ49ఎఫ్ బాగా ఎక్కువగా, ఎప్‌క్యామ్ తక్కువగా ఉన్న బయటి వరస గుంపులోనే మూలకణాలు దొరికే అవకాశం ఎక్కువ.

ఆ గుంపు దొరికినంత మాత్రాన మూలకణం దొరికినట్టు కాదు. మనిషి కణాలైతే రోగనిరోధక శక్తి లేని ఎలుకలో పెట్టి, నాళాలు కడతాయో లేదో చూడాలి. ఎలుక కొవ్వు మనిషి కణాలకు సరిపడదు. అందుకే 2004లో అమెరికాలో షార్లెట్ కుపర్‌వాసర్, రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం ముందు మనిషి పీచుకణాలతో ఆ కొవ్వును సిద్ధం చేసి, తరువాత నాళకణాలు నాటింది. 2008లో వాంకూవర్‌లో కోనీ ఈవ్స్ బృందం కణాల్ని కొలాజెన్ జెల్‌లో చుట్టి ఎలుక కిడ్నీ పొర కింద ఉంచింది. అక్క కణాలు వెళ్తే గిళ్తే ఇలాంటి ప్రయోగాలకు వెళ్తాయి. ఇంకో మనిషి ఒంట్లోకి వెళ్లవు. ఆ మాట కూడా ఫారంలో ఉందో లేదో చూసుకోమనండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. ఎలుక పాలగ్రంథి కణాల్ని అంటుకోని ప్లేట్లలో పెంచితే గుండ్రటి మ్యామోస్ఫియర్లు వచ్చాయి. రిపోర్టులో "మూలకణాలు వేరు చేశాం" అని రాసేయమంటున్నారు ఫ్రెండ్స్. ఒక పేపర్‌లో ఒక్క కణం రెండు వరసల్నీ చేస్తుందని ఉంది, ఇంకో పేపర్‌లో అలాంటిదేం లేదని ఉంది. ఏది నిజం మేడమ్?
– విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: రాయకు నాయనా. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదటి ప్రశ్న అక్కడే పట్టుకుంటారు.

మ్యామోస్ఫియర్ పద్ధతి 2003లో మిషిగన్‌లో గాబ్రియేలా డోంటు, మ్యాక్స్ విచా వాళ్ల దగ్గర మొదలైంది. అంటుకోవడానికి ఏమీ లేని చోట చాలా కణాలు చచ్చిపోతాయి, బతికి గుండ్రటి ముద్ద కట్టేవాటిలో మూలకణ స్వభావం ఎక్కువ. ఆలోచన మంచిదే. చిక్కేమిటంటే కణాలు ఎక్కువ వేస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి, వాటికి స్వభావంతో పని లేదు. నీ ముద్ద ఒక్క కణం నుంచి వచ్చిందా, పది కణాలు అతుక్కుంటే వచ్చిందా? ఎరుపు, ఆకుపచ్చ వెలుగు కణాలు సమంగా కలిపి వేసి చూడు. రెండు రంగుల ముద్దలు ఎక్కువ వస్తే కణాల సంఖ్య తగ్గించాలి. ముద్దల్ని విడదీసి మళ్లీ వేస్తే మళ్లీ వస్తున్నాయా, ఎన్ని తరాలు వస్తున్నాయి? అది రాయి, బరువుంటుంది.

అసలు పరీక్ష ఇంతకంటే పాతది. 1959లో బెర్క్‌లీలో డీఓమ్, ఆయన సహచరులు చేశారు. మూడు వారాల ఆడ ఎలుకపిల్లలో పాలనాళాలు ఇంకా చనుమొన దగ్గరే ఉంటాయి, కొవ్వంతా నిండవు. నాలుగో జత గ్రంథిలో చనుమొన వైపు ముక్క కోసేస్తే నాళం లేని ఖాళీ కొవ్వు మిగులుతుంది. అందులో కణాలు నాటి కొన్ని వారాలు ఆగి తెరిచి చూడాలి. కొమ్మలు కొమ్మలుగా కొత్త గ్రంథి కనిపిస్తే అది నువ్వు నాటినదే. ఆ ఎలుకకు గర్భం వచ్చేలా చేస్తే పాలు కూడా చేస్తుంది.

2006 జనవరిలో మెల్‌బోర్న్‌లో వాల్టర్ అండ్ ఎలీజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జేన్ విజ్వాడర్, జెఫ్రీ లిండెమన్ బృందం నేచర్ పత్రికలో వేసిన పేపర్ నువ్వు చదివే ఉంటావు. సీడీ29 ఎక్కువగా, సీడీ24 కూడా ఉన్న గుంపులోంచి ఒక్కొక్క కణం తీసి నాటారు. ఆ కణాల్లో లాక్‌జీ జన్యువు ఉంది కాబట్టి, వాటి సంతానం రంగు వేస్తే నీలంగా మారుతుంది. ఒక్క కణం నుంచి గ్రంథి మొత్తం నీలంగా వచ్చింది. ఆ గ్రంథిలోంచి ముక్క తీసి ఇంకో ఎలుకలో నాటినా మళ్లీ పెరిగింది. ఆ గుంపులో కూడా మూలకణాలు సుమారు 64లో ఒకటేనని వాళ్ల లెక్క. ఇది గుర్తు పెట్టుకో. గుర్తులు చూసి సార్ట్ చేసిన గొట్టంలో ఉన్నవన్నీ మూలకణాలు కావు, ఆ గొట్టాన్ని అలా పిలవడం మన బద్ధకం. అదే ఏడాది కోనీ ఈవ్స్ బృందం సీడీ24, సీడీ49ఎఫ్‌లతో దాదాపు ఇదే నేచర్‌లో చూపించింది.

ఇక నీ రెండో పేపర్. 2011లో బ్రసెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పాన్ బృందం కణాల్ని ఎక్కడా పీకలేదు, నాటలేదు. ఉన్న చోటనే, కెరటిన్ 14 అనే ప్రొటీన్ ఉన్న బయటి వరస కణాలకు, కెరటిన్ 8 ఉన్న లోపలి వరస కణాలకు వెలుగు గుర్తు పెట్టి, యవ్వనంలో, గర్భంలో వాటి సంతానం ఎటు పోతుందో చూశారు. పుట్టిన తరువాత బయటివి బయటివాటినే, లోపలివి లోపలివాటినే కన్నాయి. 2014లో మెల్‌బోర్న్ వాళ్లు త్రీడీ ఇమేజింగ్‌తో, లేదు, రెండు రకాల్నీ కనే కణాలు బయటి వరసలో ఉన్నాయన్నారు. వాదన చాలా ఏళ్లు నడిచింది.

నా ఉద్దేశంలో రెండు పేపర్లూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఉమ్మడి కుటుంబంలో వంటగది వైపు తొంగి చూడని మనిషి ఊరుకాని ఊళ్లో ఒంటరిగా పడితే అన్నం వండుకోవడం, బట్టలుతుక్కోవడం అన్నీ చేస్తాడు. నాటడం అనే ప్రయోగం కణాన్ని అలా ఒంటరి చేస్తుంది. అప్పుడు అది ఏం చేయగలదో తెలుస్తుంది. రోజూ ఇంట్లో ఏం చేస్తోందో తెలియాలంటే ఉన్న చోటనే గమనించాలి. ఇది నా ఊహ మాత్రమే కాదు. 2020లో బ్రసెల్స్ బృందమే దీనికి కారణం చూపించింది. లోపలి వరస కణాలు టీఎన్‌ఎఫ్ అనే సంకేతం పంపి బయటి వరసను అదుపులో ఉంచుతాయి. లోపలి కణాల్ని చంపేస్తే బయటివి రెండు రకాల్నీ కనడం మొదలుపెట్టాయి.

కాబట్టి నీ రిపోర్టులో ఏ గుర్తులతో తీశావో, ఎంత పలచగా వేశావో, ఎన్ని తరాలు వచ్చాయో రాసి, "మ్యామోస్ఫియర్ కట్టే సామర్థ్యం ఉన్న కణాలు" అని పేరు పెట్టు. సార్టర్ (గుర్తుల్ని బట్టి కణాల్ని వేరు చేసే యంత్రం) దగ్గర రెండు జాగ్రత్తలు. జంటలుగా అంటుకున్న కణాల్ని గేట్ వేసి, అంటే తెర మీద హద్దు గీసి, తీసేయకపోతే రెండు గుర్తులూ ఉన్న కొత్త కణం కనిపెట్టానని సంబరపడతావు. ట్రిప్సిన్‌లో అవసరానికి మించి ఉంచితే కణం మీది గుర్తులే కొట్టుకుపోతాయి. గడియారం చూస్తూ చెయ్యి, ఫోన్ కాదు.

ప్రశ్న: మాకు మూడు ముర్రా గేదెలున్నాయి. పొదుగులో మూలకణాలు పెంచే ఇంజెక్షన్ వచ్చిందని, పూటకు లీటరు పాలు ఎక్కువ వస్తాయని ఒకతను తిరుగుతున్నాడు. నిజమేనా అమ్మా?
– పాడి రైతు, పద్మనాభం మండలం

జవాబు: అలాంటి ఇంజెక్షన్ ఏదీ రైతులకు రాలేదు బాబూ. అతను అమ్మేది ఆక్సిటోసిన్ అనే హార్మోను కావచ్చు, సీసా మీద ఏముందో చూడండి. అది బయటి వరస కణాల్ని బిగించి ఉన్న పాలను దింపుతుంది, అంతే. కొత్త కణాన్ని పుట్టించదు.

మూలకణాల మాట పూర్తిగా గాలి మాట కాదు. అమెరికాలో ఆంథొనీ కపూకో అనే శాస్త్రవేత్త ఆవుల మీద చాలాకాలం పని చేశారు. ఈనిన కొన్నాళ్లకు పాలు బాగా పెరిగి తరువాత తగ్గుతాయి కదా. పొదుగులో చచ్చే కణాలు పుట్టేవాటి కంటే ఎక్కువ కావడం దానికి కారణం. వట్టిపోయిన కాలంలో పాత కణాలు పోయి కొత్తవి వస్తాయి. నిదానంగా విభజన జరిగే, మూలకణాలనిపించే కణాల్ని ఆయన పెయ్యల పొదుగులో గుర్తించి, జాంథోసిన్ అనే పదార్థం పొదుగులోకి ఎక్కిస్తే అవి పెరుగుతాయా అని కూడా చూశారు. అదింకా ల్యాబు దాటలేదు.

మీ చేతిలో ఉన్నదల్లా ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపడం. రోజుకు లీటరు వస్తోంది కదా అని ఈనేదాకా పిండితే ఆ కొత్త కణాలకు వ్యవధి ఉండదు, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. పొదుగువాపు వస్తే ఆ రొమ్ములో కణాలు శాశ్వతంగా పోవచ్చు. డాక్టర్‌ని ఆ రోజే పిలవండి.

ప్రశ్న: నాకు మూడు నెలల బాబు. తల్లిపాలలోని స్టెమ్ సెల్స్ దాచిపెడతాం, రేపు మీ కుటుంబంలో ఎవరికి జబ్బు చేసినా పనికొస్తాయి అని ఫోన్లు వస్తున్నాయి. మావారు కట్టేద్దామంటున్నారు.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: కట్టవద్దు.

పాలలో కణాలున్న మాట నిజం. 2007లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్క్ క్రెగన్ బృందం నెస్టిన్ అనే గుర్తు ఉన్న కణాలు కొన్ని కనిపించాయని రాస్తే పెద్ద సంచలనమైంది. 2012లో అక్కడి నుంచే ఇంకో పేపర్ వచ్చింది. తరువాత ఒక్కో కణంలోని జన్యువుల చురుకును విడిగా చదివే పద్ధతి వచ్చాక చూస్తే, పాలలోవి ఎక్కువగా పాలు చేసే లోపలి వరస కణాలు, రోగనిరోధక కణాలు. వాటితో ఏ జబ్బూ నయం చేసిన దాఖలా లేదు. పైగా మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం వ్యాపారంగా దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే.

ఆ పాలు బాబుకే ఇవ్వండి. మీకూ లాభమే. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాల్ని కలిపి 2002లో లాన్సెట్ వైద్యపత్రికలో వేసిన లెక్క ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. దానికి నెలవారీ కిస్తీలు లేవు.

ప్రశ్న: అమ్మకు 41 ఏళ్లకు, పిన్నికి 38 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇద్దరూ బాగున్నారు. నాకు 29. నా రొమ్ములో క్యాన్సర్ మూలకణాలున్నాయేమో చూసే టెస్ట్ ఉందా? మీ వ్యాసం చదివాక నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దు, సీతమ్మధార

జవాబు: అలాంటి టెస్ట్ లేదు తల్లీ. ఎవరైనా చేస్తామంటే నమ్మకండి. మీరు అడగాల్సిన పరీక్ష వేరేది, రక్తం లేదా లాలాజలంతో చేసే జన్యు పరీక్ష. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ చిన్న వయసులోనే అక్కచెల్లెళ్లిద్దరికీ వచ్చిందంటే చూసి తీరాలి. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉంటే 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతమని 2017లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. తల్లికి ఆ లోపం ఉన్నా అది మీకు రావడం సగానికి సగం అవకాశం, అంటే రాకపోవడం కూడా అంతే.

మూలకణాల పరిశోధన మీలాంటివాళ్లకు పనికొచ్చింది ఇక్కడే. బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్లకు వచ్చే క్యాన్సర్ బయటి వరస కణాల పోలికలతో ఉంటుంది. కాబట్టి బయటి వరసలోని మూలకణమే చెడుతోందని అనుకునేవారు. 2009లో మెల్‌బోర్న్ బృందం, లోపం ఉన్న స్త్రీలు ముందుజాగ్రత్తగా తీయించుకున్న రొమ్ముల్లోంచి కణాల్ని, మొదటి జవాబులో చెప్పిన ఎప్‌క్యామ్, సీడీ49ఎఫ్ గుర్తులతోనే వేరు చేసి చూసింది. పెరిగి కనిపించింది మూలకణాల గుంపు కాదు, లోపలి వరసలో దాని తరువాతి మెట్టు మీదుండే కణాల గుంపు. క్యాన్సర్ అక్కడ మొదలవుతోందన్న అనుమానం అప్పుడు గట్టిపడింది. 2016లో అదే చోట, ఈ గుంపులో ర్యాంక్ అనే, బయటి సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఉన్న కణాలు విపరీతంగా విభజన చెందుతున్నాయని, ఎముకలు గుల్లబారితే వాడే డెనోసుమాబ్ మందు ఆ సంకేతాన్ని అడ్డుకుంటుందని చూపించారు. లోపం ఉన్నవాళ్లకు నివారణగా అది పనికొస్తుందేమో తేల్చడానికి పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. ఫలితాలు తేలకుండా ఆ మందు మీరు అడగకూడదు, ఎవరూ ఇవ్వకూడదు.

మీరు చేయాల్సింది కేజీహెచ్‌లోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, మీకు నమ్మకమున్న ఇంకోచోటో ఆంకాలజిస్టును కలిసి, జన్యు కౌన్సెలింగ్ ఎలా అని అడగడం. అమ్మదీ పిన్నిదీ పాత బయాప్సీ రిపోర్టులు వెతికి తీసుకెళ్లండి. ట్రిపుల్ నెగటివ్ (మామూలుగా చూసే మూడు గ్రాహకాలూ లేని రకం) అని రాసి ఉంటే డాక్టర్‌కు ప్రత్యేకంగా చూపించండి. పరీక్ష ముందు అమ్మకు చేయించడం మంచిది. ఆమెలో ఏ లోపం ఉందో దొరికితే మీలో అదొక్కటే వెతకవచ్చు, ఖర్చూ తగ్గుతుంది, జవాబూ స్పష్టంగా వస్తుంది. ఆమెకు చేయకుండా మీకే చేసి ఏమీ లేదని వస్తే, అది నిజంగా లేదనా, వెతికినచోట లేదనా అన్నది తేలదు. ఈలోగా స్నానం చేసేటప్పుడు గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా రిపోర్టుల కోసం ఆగకుండా వెళ్లిపోండి.